బల్లయొద్ద పరిచర్య



ఆదిమ సంఘములో మొట్టమొదట సణుగు దేని గురించి పుట్టినదో మీకు జ్ఞాపకమున్నదా? వడ్డన గురించి. గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు, తమ విధవరాండ్రను అనుదిన పంపకములో పట్టించుకొనుట లేదని హెబ్రీయుల మీద ఫిర్యాదు చేశారు (అపొ. కార్యములు 6:1-6). అపొస్తలులు ఆ మాటను కొట్టివేయలేదు. "తిండి గురించి ఇంత రాద్ధాంతమా" అని గద్దించలేదు. అందరినీ పిలిచి, మంచి పేరు గల ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. ఏర్పడిన ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయము జరిగినదో వారి పక్షమువారి చేతికే గరిటె అప్పగించారన్నమాట. ఆ భాగములో బల్లయొద్ద వడ్డించుటకు వాడిన గ్రీకు మాటకు సంబంధించిన పదమునే ఆ తరువాత సంఘ పరిచారకులకు వాడారు. గనుక వడ్డన చిన్న పని కాదు, వడ్డన సరిగా లేదని చెప్పుట పాపమూ కాదు. ఎవరికి చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్నదే ఈ నెల మన కుటుంబములు ఆలోచించవలసిన సంగతి.

గత సంవత్సరము మేమిద్దరము అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో మా అమ్మాయి ఇంట కొన్ని వారములు ఉన్నాము. మా వివాహమై 40 ఏండ్లు నిండిన దినమున అల్లుడు మమ్మల్ని అక్కడి పేరున్న ఒక స్టేక్ హౌస్‌కు తీసుకొని వెళ్లాడు. పల్లెలలోని మన పాఠకుల కొరకు ఆ మాట కొంచెము వివరిస్తాము. స్టేక్ అంటే ఎద్దు మాంసమును అంగుళము, అంగుళమున్నర మందాన కోసి నిప్పుల మీదనో, బాగా కాలిన పెనము మీదనో కాల్చే పెద్ద ముక్క. మసాలా ఉండదు, పులుసు ఉండదు. ఉప్పు, మిరియాల పొడి, కొంచెము వెన్న, అంతే. మాంసములో సన్నని చారలుగా కొవ్వు ఎంత పరచుకొని ఉంటే అంత మెత్తగా ఉంటుందని, దానిని బట్టి అక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని తరగతులు కడుతుంది. కొన్ని హోటళ్లు ఆ మాంసమును చల్లని గదులలో మూడు, నాలుగు వారములు ఆరబెట్టి మరీ వండుతాయి. అందుకే ఒక్క ముక్క ఖరీదు 50, 60 డాలర్లు ఉంటుంది. మన డబ్బులో నాలుగు వేల రూపాయలకు పైమాటే.

మన సంఘములలో పెద్దమాంసము తినేవారున్నారు, తిననివారూ ఉన్నారు. తినేవాడు తిననివానిని తృణీకరించరాదని, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చరాదని రోమా పత్రిక 14వ అధ్యాయము మనకు నేర్పినది. ఇక్కడ మా మాట మాంసము గురించి కాదు, వడ్డన గురించి.

రాత్రి 7 గంటలకు బల్ల ముందుగానే చెప్పి ఉంచినా, 7.40కి గాని మమ్మల్ని కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టినది కూడా వంటగది తలుపు పక్కన. తరువాత ఇరవై నిమిషముల దాకా ఎవ్వరూ రాలేదు. చివరకు వడ్డించే అమ్మాయి పరుగు పరుగున వచ్చి, క్షమించమని చెప్పి, మేము కోరినది రాసుకొని పోయింది. ప్లేట్లు వచ్చాయి. మనుమడు ప్రార్థన చేశాడు. మేము బాగా కాల్చమని అడిగిన ముక్కను కోస్తే లోపల ఎర్రగా ఉన్నది, ప్లేటులోకి ఎర్రని నీరు కారింది. తిరిగి పంపితే అది మళ్లీ వచ్చేసరికి మిగిలినవారి భోజనము అయిపోయింది. వచ్చిన ముక్క చల్లారి, చెక్కలా ఎండిపోయి ఉన్నది. గ్లాసులలో మంచినీళ్లు అయిపోయి చాలా సేపయినా నింపేవారు లేరు.

ఆ ఎర్రని నీటి గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. రక్తమును విసర్జించుమని యెరూషలేము పెద్దలు రాసిన ఉత్తరము (అపొ. కార్యములు 15:29) ఎరిగిన మన విశ్వాసులు విదేశములలో ఇట్టి ప్లేటు చూసి కలవరపడతారు. అది రక్తము కాదు. పశువును కోసినప్పుడే దాదాపు రక్తమంతా కారిపోతుంది. కండలో ప్రాణవాయువును నిలువ ఉంచే మయోగ్లోబిన్ అనే ఎర్రని మాంసకృత్తు ఉన్నది. కండలోని నీటితో కలిసి కారేది అదే. వేడి ఎక్కువైన కొద్దీ అది గోధుమ రంగుకు మారుతుంది. ముక్క లోపలి వేడి 63 డిగ్రీల సెంటీగ్రేడుకు వచ్చి, తరువాత మూడు నిమిషములు ఆగితే తినుటకు క్షేమమని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. బాగా కాల్చినది కావాలంటే 70 డిగ్రీలు దాటాలి. గనుక మనస్సాక్షి కలవరపడేవారు నిస్సంకోచముగా "బాగా కాల్చి ఇవ్వండి" అని అడుగవచ్చును. అడిగినట్లు రాకపోతే తిరిగి పంపవచ్చును.

బిల్లు వచ్చింది. నలుగురు పెద్దలకు, ఇద్దరు పిల్లలకు 340 డాలర్లు. ఆ దేశపు వాడుక ప్రకారము దాని మీద 15 నుండి 20 శాతము వడ్డించినవారికి టిప్పుగా పెట్టాలి. అల్లుని ముఖము కందిపోయింది. "ఒక్క డాలరు కూడా పెట్టను మావయ్యగారూ. మీ పెళ్లిరోజని తీసుకొని వస్తే ఇట్లా చేశారు. తీసుకున్న డబ్బుకు పని చేయాలి కదా!" అన్నాడు. అతని బాధ న్యాయమైనదే. ఆ డబ్బు కష్టార్జితము.

అప్పుడు తొమ్మిదేండ్ల మనుమడు, "తాతయ్యా, నేను ప్రేయర్ చేసినప్పుడు ఆ ఆంటీ ప్లేటు పట్టుకొని అయిపోయేదాకా ఆగింది" అన్నాడు. మేము ఎవ్వరమూ ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రము మెల్లగా, "ఏవండీ, కోపము తరువాత. ఇందులో ఆ అమ్మాయి చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి? ముందు అది చూద్దాము" అన్నది.

లెక్క వేశాము. ఆలస్యముగా కూర్చోబెట్టినది గుమ్మము దగ్గర ఉండేవారు. మాంసము సరిగా కాల్చనిది వంటవారు. రెండవసారి ఎండబెట్టినదీ వారే. నీళ్లు పోయనిది, ఇరవై నిమిషములు రానిది ఆ అమ్మాయి. అడిగితే తెలిసినది ఏమంటే, ఆ రోజు ఇద్దరు పనికి రాలేదు, వారి బల్లలు కూడా ఆమె మీదనే పడ్డాయి. యజమాని తక్కువమంది చేత ఎక్కువ పని చేయించాడు. మా కోపము మాత్రము ఎదుట కనబడే మనిషి మీదికి పోబోయింది.

ఆమె జీతము సంగతి కూడా తెలుసుకొనవలసినదే. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ చట్టము ప్రకారము కనీస కూలి గంటకు 7.25 డాలర్లు. ఇది 2009 నుండి ఉన్నది. అయితే టిప్పులు వచ్చే పనివారికి యజమాని తన చేతి నుండి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఆ అంకె 1991 నుండి మారలేదు. మిగిలినది టిప్పులతో నిండాలి. నిండకపోతే యజమాని కలిపి ఇవ్వాలని చట్టమున్నది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రములు పూర్తి కనీస కూలి ఇవ్వాలని నియమించాయి గాని, టెక్సాస్ ఆ 2.13నే పాటిస్తుంది. అంటే మనము టిప్పు అనే మాటను మన దేశపు అర్థములో, దయతో ఇచ్చే చిల్లర అనుకుంటాము. అక్కడ అది చాలావరకు ఆమె కూలి. కూలివాని కూలి ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:14-15 ఆజ్ఞాపిస్తున్నది. బిగబట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తున్నది. వంటవాని తప్పుకు వడ్డించేవారి కూలి కోయుట ఆ వాక్యముల వెలుగులో నిలుస్తుందా?

అల్లుడు మేనేజరును పిలిపించాడు. గొంతు పెంచలేదు. ఎన్ని గంటలకు వచ్చాము, ఏమి అడిగాము, ఏమి వచ్చింది అన్న మూడే మాటలు చెప్పాడు. "ఈ అమ్మాయి ఒంటరిగా చేస్తున్నది, ఇది ఆమె మీద వేయవద్దు" అని నాలుగవ మాట కలిపాడు. మేనేజరు క్షమాపణ చెప్పి, ఆ ఒక్క ముక్క ఖరీదు 58 డాలర్లు బిల్లులో తీసివేశాడు. టిప్పు మాత్రము అల్లుడు మొదటి బిల్లు మీదనే లెక్క కట్టి పెట్టాడు. డబ్బుకు తగిన భోజనము ఆ రాత్రి దొరకలేదు, అది నిజము. ఇకమీదట ఆ హోటలుకు వెళ్లబోమని పిల్లలు అనుకున్నారు. అందులోనూ తప్పు లేదు. క్షమించుటకు మళ్లీ అక్కడే తినవలసిన పని లేదు.

ప్రియులారా, అమెరికా హోటళ్లలో పనిచేసేవారిలో చాలాకాలముగా ఒక మాట వాడుకలో ఉన్నది. ఆదివారము ఆరాధన ముగించుకొని భోజనానికి వచ్చేవారు గద్దింపులో ముందు, టిప్పులో వెనుక అని. కొందరైతే నోటు లాగా మడిచిన సువార్త కరపత్రమును టిప్పుకు బదులు పెట్టి వెళ్తారని కూడా ఆ పనివారు బాధపడతారు. తల వంచి ప్రార్థన చేసిన బల్లను జనులు చూస్తూ ఉంటారు. ఆ బల్లమీద మన మాట, మన చేయి ఎట్లా ఉన్నవో కూడా చూస్తారు.

మన దేశములో పద్ధతి వేరు. ఇక్కడ బిల్లులో సేవా రుసుము అని తమంతట తామే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఆ రుసుము ఇచ్చుట మన ఇష్టము. తీసివేయమని అడుగవచ్చును. తీయకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. అయితే మన సంఘములలోని ఎన్నో ఇళ్ల పిల్లలు హైదరాబాదులో, విజయవాడలో, బెంగళూరులో హోటళ్లలో ప్లేట్లు మోస్తున్నారని మరచిపోవద్దు. "ఏయ్, ఒరేయ్" అని మనము కేకవేసే అబ్బాయి మరొక ఊరి సంఘములో ఏ తల్లి ప్రార్థనలో ఉన్నాడో! "తమ్ముడూ, కొంచెము నీళ్లు" అంటే నీళ్లు రాకుండా పోవు.

ఇక మన సొంత బంతుల సంగతి. క్రిస్మస్ విందులో, పెండ్లి విందులో వడ్డన ఎట్లా జరుగుచున్నది? పెద్దలకు కుర్చీలు, బల్లలు. కూలి పనినుండి ఆలస్యముగా వచ్చినవారికి చివరి బంతి. ముందు వరుసకు ముక్కలు, చివరి వరుసకు పులుసు. కొరింథు సంఘములో ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడయ్యే విందును పౌలు ప్రభువు విందు అని పిలువ నిరాకరించాడు (1 కొరింథీ 11:20-22). బంగారు ఉంగరము గలవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి పాదముల దగ్గర చోటు చూపుటను యాకోబు 2వ అధ్యాయము ఖండించినది. నలభై డాలర్ల భోజనము చెడితే నొచ్చుకునే మనము, ఉచిత విందులో చివరి బంతివాడు నొచ్చుకుంటే "ఊరకనే పెడుతున్నాము కదా" అనవచ్చునా? డబ్బు చెల్లించినవానికి ఫిర్యాదు చేసే హక్కున్నది. చెల్లించలేనివాడు నోరు తెరువలేడు. అందుకే వాని పక్షమున సంఘమే ముందుగా చూడవలసియున్నది.

కొన్ని చిన్న పనులు సూచిస్తున్నాము. వచ్చే విందులో ఒక గిన్నె మాంసము చివరి బంతికని ముందే తీసిపెట్టండి. సంఘ పెద్దలు మొదటి బంతిలో కూర్చొనక గరిటె పట్టుకొని, చివరి బంతిలో తినండి. వడ్డించిన యౌవనస్థులకు అన్నము మిగిలినదో లేదో అడగండి. ఇంటిలోనూ ఇదే ఆలోచించండి. అందరికీ పెట్టి, చల్లారిన అన్నము చివరకు తినే ఇల్లాలికి ఒక్క పూటైనా భర్తయు పిల్లలును వడ్డించి, ఆమె తినేదాకా బల్లయొద్ద నిలువండి.

భోజనమునకు కూర్చున్నవాడు గొప్పవాడని లోకము ఎంచుతుంది. మన ప్రభువు అయితే తాను పరిచర్య చేసేవానివలె మన మధ్య ఉన్నానన్నాడు (లూకా 22:27). తువాలు కట్టుకొని పాదములు కడిగినవాడు ఆయనే.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో అపొ. కార్యములు 6:1-6, యాకోబు 2:1-9 చదువుకొనండి. మీ సంఘ విందులో ఎవరు చివరి బంతిలో మిగిలిపోతున్నారో పిల్లలను అడగండి. వారు బాగా గమనిస్తారు. హోటళ్లలో, పరుల ఇళ్లలో వడ్డించి బ్రతుకుచున్న మన బిడ్డల కొరకు పేరు పేరున ప్రార్థించండి.

ప్రభువు మీ బల్లను, దానియొద్ద కూర్చొనువారిని, వడ్డించువారిని ఆశీర్వదించును గాక. ఆమేన్.