వీసాకి డబ్బులెవరు కట్టారు?

దుబాయి చూసొచ్చిన మన సాఫ్ట్‌వేర్ జనం చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. రోడ్లు అద్దంలా ఉన్నాయి, మెట్రో టైముకి వస్తుంది, అర్ధరాత్రయినా భయం లేకుండా తిరగొచ్చు... చివర్లో "వ్యాపారం ఎలా చెయ్యాలో వాళ్ళని చూసి నేర్చుకోవాలి" అని ఒక ముక్తాయింపు. 2024లో ఒక్క దుబాయికే 1 కోటి 87 లక్షల మంది విదేశీ సందర్శకులు వెళ్ళారు, అందులో మనవాళ్ళూ తక్కువేం కాదు. బాగానే ఉంది. కానీ మనం పట్టుకెళ్ళే విజిట్ వీసా మీదే జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి ఇంకో రకం టూరిస్టులు కూడా విమానం ఎక్కుతున్నారు. వాళ్ళ సంచిలో కెమెరా ఉండదు, మామిడికాయ తొక్కు డబ్బా ఉంటుంది. వాళ్ళు పెద్ద భవనాలు చూడ్డానికి పోవట్లేదు, వాటికి సిమెంటు మొయ్యడానికి పోతున్నారు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి... పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బతుకంతా ఈ మూడు మాటల్లో చెప్పేస్తారు. మరి పనికి పోయేవాడు టూరిస్టు ఎలా అయ్యాడు? పదో తరగతి పాస్ కానివాడు గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే 1983 వలస చట్టం ప్రకారం ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అంటే లైసెన్సున్న ఏజెంటు, కంపెనీతో కాంట్రాక్టు, 10 లక్షల బీమా, ఇవన్నీ రికార్డులో ఉండాలి. ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతే. చూడ్డానికి వెళ్ళేవాడికి ఈ గొడవేమీ లేదు. అందుకే లైసెన్సు లేని సబ్ ఏజెంటు మనవాణ్ణి టూరిస్టుని చేసేస్తాడు. తీసుకునేది మాత్రం లక్ష పైమాటే. కొందరికి అక్కడికెళ్ళాక నిజంగానే పని దొరికి వీసా మారుతుంది, కాదనను. మారనివాడు? విజిట్ వీసా మీద పని చెయ్యడం అక్కడ నేరం. గడువు దాటితే జరిమానా. బీమా లేదు, కాంట్రాక్టు లేదు. ఏజెంటుని నిలదీస్తే "నేను టూరుకే పంపించాను కదా" అంటాడు. కాగితం మీద వాడు చెప్పేది నిజమే!

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2013లో దుబాయి పాలకుడు షేక్ మొహమ్మద్ బిన్ రషీద్ తన నగరాన్ని ఇస్లామిక్ ఆర్థిక వ్యవస్థకి రాజధాని చేస్తానని ప్రకటించారు. అప్పట్నుంచి హలాల్ అంటే మాంసం ఒక్కటే కాదు. వడ్డీ లేని బ్యాంకింగు, సౌందర్య సాధనాలు, మందులు, బట్టలు, మందు పొయ్యని హోటళ్ళు, కుటుంబాలకి తగ్గ పర్యాటకం, అన్నీ అందులోకే వస్తాయి. దీని వెనక ఉన్న నీతి చిన్నదేం కాదు. వడ్డీ కూడదు. షరతులు దాచిపెట్టి ఒప్పందం కుదుర్చుకోకూడదు, దాన్ని ఘరర్ అంటారు. తూకంలో మోసం చేసేవాళ్ళని ఖురాన్‌లో ఒక అధ్యాయం మొదట్లోనే గట్టిగా హెచ్చరిస్తుంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యమని ప్రవక్త చెప్పారని ముస్లింలలో తెలియనివాళ్ళుండరు.

ఆ కొలబద్దతోనే చూద్దాం. హోటల్ కట్టడానికి బ్యాంకు ఇచ్చిన సొమ్ముకి వడ్డీ లేదు, సరే. ఆ హోటల్లో పరుపులు మార్చే కుర్రాడు వచ్చింది మాత్రం కోరుట్లలో నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పుతో. లక్షకి నెలకి 3 వేలు, రెండేళ్ళకి మిత్తే 72 వేలు. వంటింట్లో కోడిని ఎలా కోశారో పరీక్షించే సర్టిఫికెట్, ఆ వంటింట్లో గిన్నెలు తోమేవాడి అప్పుని ఎందుకు పరీక్షించదు? ఊళ్ళో ఒక జీతం చెప్పి, అక్కడ దిగాక అరబ్బీలో ఇంకో కాగితం మీద సంతకం పెట్టిస్తే అది ఘరర్ కాక మరేమిటి?

ఇస్లామిక్ వ్యాపారంలో ముదారబా అనే పద్ధతి ఉంది. ఒకడు పెట్టుబడి పెడతాడు, ఇంకొకడు కష్టం పెడతాడు. నష్టం వస్తే డబ్బు పోయేది పెట్టుబడిదారుడిది, కష్టపడ్డవాడికి పోయేది అతని శ్రమే. స్టార్టప్‌ల కాలంలో మనకి నచ్చాల్సిన పద్ధతి. మరి గల్ఫ్ వలసలో? పొలం తాకట్టు పెట్టి పెట్టుబడి తెచ్చేదీ వాడే, ఎండలో కష్టపడేదీ వాడే. వీసా అమ్మినవాడికి నష్టం లేదు, ఏజెంటుకి లేదు, కంపెనీకి లేదు. అన్ని వైపులా నష్టం ఒక్కడి మీదే పడే ఈ బేరాన్ని ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అని పొగుడుకుందామా?

"ఇదంతా ఇస్లాం మీద ఏడుపు" అనేవాళ్ళు కాస్త ఆగండి. నేను అడిగేది వాళ్ళ ధర్మం వాళ్ళు పాటించమనే. పైగా ఈ గొలుసులో మన చివర ఉన్న ఏజెంట్లు, మిత్తికిచ్చేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు, మోసపోయేవాళ్ళూ అంతే. ఇక "ఎవరూ బలవంతంగా పంపలేదు కదా, గల్ఫ్ డబ్బుతోనే ఊళ్ళో ఇళ్ళు లేచాయి కదా" అంటారా... లేచాయి. ఆ పంపిన డబ్బు లేకపోతే చాలా ఊళ్ళు బతికేవి కావు. అందుకే కదా బేరం నిజాయితీగా ఉండాలంటున్నది! షరతులు దాచి సంపాదించిన ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు.

చట్టాలు లేక కాదు. ఎమిరేట్స్ 2021 కార్మిక చట్టం నియామక ఖర్చులు కార్మికుడి దగ్గర వసూలు చెయ్యొద్దంటుంది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది, 2021 నుంచి కనీస వేతనం పెట్టింది. మన ప్రభుత్వమేం చేసింది? 2020లో గల్ఫ్ ఉద్యోగాలకి తను నిర్ణయించే కనీస వేతనాలు తనే తగ్గించి, గొడవయ్యాక 2021లో వెనక్కి తీసుకుంది! తెలంగాణలో గల్ఫ్‌లో చనిపోయినవాడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తున్నారు. మంచిదే, కానీ అది శవం వచ్చాక ఇచ్చేది.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. హెచ్-1బి దరఖాస్తు ఖర్చు ఏ కన్సల్టెన్సీ అయినా మన జీతంలోంచి కోస్తే ఎంత గోల చేస్తాం! అదే అన్యాయం నిర్మల్ కుర్రాడికి జరిగితే "చదువుకోలేదు కదా" అని సరిపెట్టుకుంటాం. మనలో గల్ఫ్ బ్యాంకులకి, హోటళ్ళకి, ట్రావెల్ సైట్లకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు బోలెడుమంది. సప్లయర్ ఆడిట్‌లో వంద ప్రశ్నలు పెడతాం, ఇంకో మూడు పెట్టమని అడగలేమా? ఉద్యోగి వీసాకి డబ్బులెవరు కట్టారు? ఊరు దాటకముందే తన భాషలో కాంట్రాక్టు చూశాడా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఈ మూడింటికీ జవాబు లేని సంస్థకి ఎన్ని హలాల్ ముద్రలున్నా అది గోడకి తగిలించుకునే బొమ్మే.

అంతవరకూ ఎందుకు, ఊళ్ళోంచి ఎవరైనా "అన్నా, దుబాయికి వీసా వచ్చింది" అని ఫోన్ చేస్తే కంగ్రాట్స్ చెప్పి పెట్టెయ్యకండి. అది విజిట్ వీసానా, కంపెనీ వీసానా అడగండి. ఏజెంటుకి లైసెన్సుందో లేదో ఈ-మైగ్రేట్‌లో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఒకటుందని చెప్పండి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనకి ఇదేమంత పెద్ద పని?