కండరానికి ఓనమాలు

సికింద్రాబాదు గడియారస్తంభం దగ్గరి ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఇంగ్లీషు 'లోయరు' నేర్చుకున్నాను. ఆ వేళ్ళతోనే నేటికీ తెలుగు రాస్తున్నాను. 'అమ్మ' అనడానికి ఏ, ఎమ్, ఎమ్, ఏ అని నాలుగు పరాయి మీటలు నొక్కుతాను. మీలో చాలామందీ అంతే కదా! రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్‌కూ, వీవెన్ గారి లేఖినికీ మనం ఋణపడి ఉన్నాం. అవి లేకుంటే ఈ టపాలే లేవు. అయినా అది రహదారి మూసి ఉన్నప్పుడు తొక్కిన అడ్డదారి. దాన్నే రాజమార్గమని భ్రమించడం మీదే నా పేచీ.

ఇప్పుడు మరో తలుపు తెరుచుకుంటోంది. మెదడు ఆజ్ఞాపించగానే ముంజేతి కండరాలలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. మణికట్టు పట్టీలోని ఎలక్ట్రోడులు దాన్ని చర్మం మీదనుంచే పసిగడతాయి. ఏ కదలికకు ఏ సంకేతమో యంత్రం నేర్చుకుంటుంది. 2019లో ఫేస్‌బుక్ కొనుగోలు చేసిన కంట్రోల్ ల్యాబ్స్ బృందం 2025 జూలైలో 'నేచర్' పత్రికలో తమ ఫలితాలను ప్రకటించింది. కలం లేకుండానే, కలం పట్టినట్టు వేళ్ళు కూర్చి రాస్తే నిమిషానికి 20.9 పదాలు నమోదయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో అటువంటి పట్టీ అమెరికా అంగళ్ళకూ చేరింది. 'నేచర్'లోని ఆ చేతివ్రాత మాత్రం ఇంగ్లీషుది.

"తెలుగూ వస్తుందిలే" అంటారు మిత్రులు. ఎలా వస్తుంది? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి మన పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో తలదాచుకున్నాయి. అక్కడి అక్షరం వెతికితే దొరికేది కాదు. చోటు ఉండటం వేరు, అందులో కూర్చోవడం వేరు.

'స్త్రీ' అని రాసే చేతిని చూడండి. స రాసి, పైకి వెళ్ళి గుడిదీర్ఘం పెట్టి, కిందికి దిగి తవత్తు, ఆపైన రవత్తు. ద, ధలకు తేడా ఒక్క చిన్న గీత. సిరా జాడ లేనిచోట ఈ ఎత్తుపల్లాలు ఇంగ్లీషు వరుస నేర్చిన యంత్రానికి వాటంతటవే తెలియవు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారు లక్షకు పైగా తెలుగు చేతివ్రాత పదాల బొమ్మలను ఇదివరకే సేకరించారు. అది గొప్ప పని. కాని బొమ్మలో సిరా కనిపిస్తుంది, కండరం కనిపించదు.

"నోటితో చెబితే చాలదా?" అన్నది మరో వాదం. సికింద్రాబాదు స్టేషనులో పదిమంది నడుమ నిలబడి మీ సొంత ఉత్తరాన్ని బిగ్గరగా చెప్పగలరా? 2024లో మెటా సంస్థ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంతో కలిసి వెన్నుపాము దెబ్బతిన్నవారితో ఈ పట్టీని పరీక్షించింది. చెయ్యి కదలకున్నా కండరంలో సంకేతం మిగిలి ఉండవచ్చు. అటువంటి స్థితిలో ఉన్న, తెలుగు మాత్రమే తెలిసిన మనిషితో, ముందు ఇంగ్లీషు నేర్చుకు రమ్మందామా?

మన విశ్వవిద్యాలయాలు తెలుగు రాసే చేతుల సంకేతాలను, ఇచ్చేవారి అనుమతితో, సేకరించాలి. వాటిని ఏ ఒక్క సంస్థ సొత్తూ కాకుండా అందరికీ తెరిచి ఉంచాలి. అడిగితే నా మణికట్టు సిద్ధం. మీరేమంటారు?