ఖడ్గమృగానికి పేరుంది, మా ముత్తవ్వకు లేదు

మాకు చరిత్ర లేదని అనేటోళ్లకు ఒక ప్రశ్న. ఇన్నేండ్లూ రాసే కలం ఎవరి చేతిలో ఉండె? కరణం చేతిలో ఉండె. కలెక్టరు కచేరీలో ఉండె. మా చేతిలో తట్ట ఉండె, కొడవలి ఉండె, చీపురు ఉండె. కలం ఉన్నోడు రాసుకున్నది చరిత్ర అయింది. తట్ట మోసినోళ్ల బతుకు గాలికి పోయింది.

నేను బేతంచెర్ల దగ్గరి మాదిగవాడలో పుట్టినదాన్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. సర్కారు బడిలో పంతులమ్మను. పిల్లలకు వంశవృక్షం గీయమని చెప్పడం నా ఉద్యోగంలో భాగం. పెద్దకులాల పిల్లలు తాత, ముత్తాత, గోత్రం అన్నీ రాసుకొస్తారు. మా వాడ పిల్లల చెట్టు జేజి దగ్గరే ఆగిపోతది. ఆ కొమ్మ దానంతటదే ఇరగలేదు. ఇరిచినారు.

మా జేజికి అత్త, నాకు ముత్తవ్వ. తెల్లోళ్ల కాలం మనిషి. కోడి కూయకముందే లేచి ఆసామి దొడ్లో పేడ తీసేదంట. తర్వాత చేను, కళ్లం. చేను పని లేని దినాల్లో నాపరాళ్లు మోసేదంట. కూలి జొన్నలు. ఏడుగురిని కని ముగ్గురిని దక్కించుకుంది. బావి కాడ కడవ దూరంగా పెట్టి, ఎవరన్నా పోస్తారేమోనని గంటలు గంటలు కూచునేదంట. ఆమె పేరేందని అడిగితే జేజి నోరు తెరవలేదు. "అత్త పేరు కోడలు పలకగూడదమ్మా. అత్తా అనే పిలిచినా" అనింది. పేరు చెప్పగలిగినోళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయినారు.

మరి కాగితాల్లో చూద్దామా? 1839లో నవాబును దించి కంపెనీ వాళ్లు కర్నూలును పట్టుకున్నారు. రైత్వారీ పట్టాలొచ్చినాయి. భూమి ఉన్నోని పేరు ఎక్కింది, దున్నినోళ్ల పేరు ఎక్కలేదు. బడి రిజిస్టరు చూద్దామంటే ఆమె బడి మొహమే చూడలేదు. 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్నోళ్లకూ, కొందరు అట్లాంటోళ్ల పెండ్లాలకూ ఓటిచ్చినారు. మా ముత్తవ్వకు ఆస్తి లేదు, అక్షరం లేదు, మొగుడు జీతగాడు. ఓటర్ల జాబితాలో ఎట్లుంటది? 1938లో మద్రాసు శాసనసభ అంటరానితనం అడ్డంకులు తీసేయాలని చట్టం చేసింది. చట్టం మద్రాసులో ఉండె. బావి ఊర్లో ఉండె.

మా బేతంచెర్ల పక్కన బిల్లసర్గం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర అక్కడ తవ్వకాలు మొదలుపెట్టినాడు. మట్టి తీసినారు, జల్లెడ పట్టినారు, ఎముకలు ఏరినారు. ఏ ఎముక ఏ జంతువుదో పండితులు తేల్చినారు. అందులో ఒక ఖడ్గమృగానికి మా కర్నూలు పేరే పెట్టినారు: రైనోసెరాస్ కర్నూలియెన్సిస్. వేల ఏండ్ల కింద సచ్చిన జంతువుకు పేరు దొరికింది. నిన్నమొన్నటిదాకా బతికిన మనిషికి దొరకలేదు. ఇది మరుపు కాదు. ఎవర్ని లెక్కబెట్టాలో, ఎవర్ని వదిలేయాలో తెలిసినోళ్లు చేసిన పని.

లెక్కబెట్టినప్పుడు కూడా ఎట్లా లెక్కబెట్టినారో చూడండి. 1876–78 ధాత కరువులో కర్నూలు జిల్లా జనం గుట్టలుగా సచ్చినారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గినారు. 1877లో రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనుల కూలిని కోసేసినాడు. మొగోనికి రోజుకు పౌను ధాన్యం, పైన కొంచెం డబ్బు. ఆడదానికి అంతకన్నా తక్కువ. ఆకలికి ఆడా మగా తేడా ఉందా? దొర లెక్కలో ఉండె. సచ్చినోళ్లు అంకెలైనారు. మనుషులు కాలేదు.

ఇప్పుడు మన ఊర్ల సంగతి. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద పాటలున్నాయి, 2019లో సినిమా వచ్చింది, 2021లో కర్నూలు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు. పెట్టుకోండి, మాకేం అడ్డం లేదు. కానీ పాలెగాని ఇంట్లో పేడ ఎత్తిందెవరు, ఆ ఇంటి చేలల్లో కోత కోసిందెవరు? ఆ ఆడోళ్లకు ఒక్క పాట ఉందా?

మా అన్నలకూ ఒక మాట. మన దళిత పుస్తకాల్లోనూ తాతల పేర్లే ఎక్కువ. తాత డప్పు, తాత చెప్పులు, తాత పౌరుషం. అవ్వ ఏది? నంద్యాల, ముత్యాలపాడు పక్క మిషను వాళ్లు బాప్తిస్మం పుస్తకాల్లో మాల మాదిగ ఆడోళ్ల పేర్లు రాసినారు. ఏసు పేరు మీదన్నా రాసినారు. అది చిన్న సంగతి కాదు. మనం మన పేరు మీద ఎందుకు రాయలేదు?

తెల్లోళ్ల పాలన కళ్లారా చూసిన అవ్వలు ఇంకా కొందరే మిగిలినారు. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన కూచోండి. ఏం పని చేసింది, కూలి ఎంత, ఏ బావి కాడ నిలబెట్టినారు, ఎంతమంది బిడ్డల్ని పూడ్చుకుంది, అన్నీ అడగండి. అడిగింది అడిగినట్టు, ఆమె మాటల్లోనే రాయండి. వాళ్లమ్మ పేరూ, వాళ్లత్త పేరూ ముందు రాయండి. తాత పేరు తర్వాత రాయొచ్చు.