“బాగున్నావా?” అన్న ఒక్క మాట చాలదు

మధుమేహం తక్కిన వ్యాధుల వంటిది కాదు. జ్వరం వస్తే వైద్యుడు మందిస్తాడు, నాలుగు రోజుల్లో తగ్గుతుంది, ఆ సంగతి మరచిపోతాం. చక్కెర వ్యాధి ఒకసారి ఇంట్లో అడుగుపెడితే ఇక మనతోనే ఉంటుంది. ఏడాది మొత్తం మీద రోగి వైద్యుని ఎదుట కూర్చునే సమయమంతా కలిపినా ఒకటి రెండు గంటలకు మించదు. మిగిలిన కాలమంతా చికిత్స జరిగేది వంటగదిలో, పొలం గట్టు మీద, దుకాణంలో, వుజూ చేసే చోట. అక్కడ వైద్యుడు ఉండడు. రోగి ఉంటాడు, ఇంటివారు ఉంటారు, ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటా ఒక ఫోను ఉంటుంది. ఆ ఫోనును ఈ వ్యాధికి ఎదురుగా ఎలా నిలబెట్టాలన్నదే ఈ నెల మనం ఆలోచించవలసిన విషయం.

మన దేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారు 10.1 కోట్ల మంది ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన బృహత్ అధ్యయనం 2023లో వెల్లడించింది. ఇంతమందికి నెలనెలా నిపుణుడైన వైద్యుని దర్శనం సాధ్యమయ్యే పని కాదు. విస్సన్నపేటనే తీసుకోండి. నూజివీడు, తిరువూరు పట్టణాల నడుమ, మామిడి తోటల మధ్య ఉన్న మండల కేంద్రమిది. ఇక్కడి పల్లెల నుండి పెద్ద వైద్యం కోసం విజయవాడ వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చులవుతాయి, వృద్ధులైతే తోడుగా మరొకరు పని మానుకోవాలి. అందుకే చాలామంది పాత చీటీ మీదే నెలల తరబడి అవే మాత్రలు కొని వేసుకుంటూ ఉంటారు. కాలి మీద పుండు మానకపోతేనో, చూపు మసకబారితేనో తప్ప కదలరు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు మన రాష్ట్రంలో కొత్తవి కావు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 ఆరోగ్య సమాచార సేవ మొదలైంది. ఏ పల్లె నుండైనా ఉచితంగా ఫోను చేసి ఆరోగ్య సలహా పొందే వీలు దానితో కలిగింది. మరుసటి ఏడు అదే సంఖ్య పేరుతో సంచార వైద్య వాహనాలు బయలుదేరి, నిర్ణీత దినాన గ్రామానికి వచ్చి రక్తపోటు, చక్కెర పరీక్షించి మందులివ్వసాగాయి. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వ ‘ఈ-సంజీవని’ దూర వైద్య సేవ గ్రామ ఆరోగ్య కేంద్రాల నుండి నడిచే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌తోనే ఆరంభమైంది. గ్రామ కేంద్రంలోని సిబ్బంది సహాయంతో రోగి దూరాన ఉన్న వైద్యునితో మాట్లాడడం ఇందులోని ఏర్పాటు. 2020 మార్చి 25న వెలువడిన దూర వైద్య మార్గదర్శకాలు ఫోను ద్వారా సలహా ఇచ్చే అధికారాన్ని వైద్యులకు స్పష్టంగా ఇచ్చాయి. స్వయంగా వచ్చి చూపించుకోవాలని వైద్యుడు చెబితే మాత్రం వెళ్లి తీరాలి.

ఫోను మాటలతో చక్కెర తగ్గుతుందా అన్న సందేహం సహజమే. న్యూయార్క్ నగరంలో 526 మంది మధుమేహ రోగులతో జరిగిన ఒక పరిశీలన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అందులో సగం మందికి ఏడాది కాలంలో నాలుగు నుండి ఆరు వారాలకొకసారి ఆరోగ్య బోధకులు ఫోను చేసి మాట్లాడారు. మిగిలినవారికి ముద్రించిన సమాచారం మాత్రమే పంపారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఫోను అందుకున్నవారికి 0.23 శాతం తగ్గితే, కాగితాలు మాత్రమే అందుకున్నవారికి 0.13 శాతం పెరిగింది. ఆగ్నేయ భారతంలో, మధుమేహం అంచున ఉన్న 537 మంది పురుషులతో జరిగిన మరో పరిశీలన 2013లో ప్రచురితమైంది. ఆహారం, వ్యాయామం గురించి క్రమంగా సెల్‌ఫోను సందేశాలు అందుకున్నవారిలో రెండేళ్లలో 18 శాతం మందికి వ్యాధి వచ్చింది. అందుకోనివారిలో అది 27 శాతం. ఇవి అద్భుతాలు కావు. అయితే కాగితం చేయలేని పనిని క్రమం తప్పని పలకరింపు చేయగలదని ఈ లెక్కలు చెబుతున్నాయి.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉన్న కొడుకు శుక్రవారం నాడు ఇంటికి ఫోను చేస్తాడు. “అమ్మీ, బాగున్నావా?” అంటాడు. “అల్లాహ్ దయవల్ల బాగానే ఉన్నాను బేటా” అంటుంది తల్లి. పరదేశంలో ఉన్న బిడ్డ మనసు కష్టపెట్టడం ఏ తల్లికీ ఇష్టముండదు కనుక మరో జవాబు రాదు. మందులు అయిపోయి వారమైందన్న సంగతి ఆ మాట చాటున ఉండిపోతుంది. ఆ ఫోనునే చికిత్సలో భాగం చేయవచ్చు. దానికి నాలుగు ప్రశ్నలు చాలు.

మొదటిది: “మాత్రలు ఇంకా ఎన్ని రోజులకు వస్తాయి?” మందులు వేసుకుంటున్నావా అని అడిగితే అవుననే అంటారు. మిగిలినవి లెక్కపెట్టి చెప్పమంటే నిజం తెలుస్తుంది. రెండవది: “ఈ వారం షుగరు ఎంత ఉంది, ఏ పూట చూశారు?” పరగడుపున చూసిన అంకె వేరు, భోజనం తరువాతి అంకె వేరు. తేదీ, పూట, అంకె ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే వైద్యునికి ఫోను చేసినప్పుడు ఆ పుస్తకమే సగం పరీక్ష. మూడవది: “చెమటలు పట్టడం, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం వంటివి ఏమైనా కలిగాయా?” ఇవి చక్కెర మరీ పడిపోయిందనడానికి గుర్తులు. నాల్గవది: “పాదాలు చూసుకున్నారా?” ఈ ప్రశ్నకు మన ఇళ్లలో ప్రత్యేకమైన సౌలభ్యముంది. ఐదు పూటలా వుజూలో పాదాలు కడిగేవారికి, వాటిని చూసుకునే అవకాశం కూడా అన్నిసార్లు కలుగుతుంది. వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు చూసి, తడి లేకుండా తుడవాలి. స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు కనుక ఇంటి పిల్లల చేత చూపించుకున్నా మంచిదే.

ఒక విషయం మాత్రం మరువరాదు. చాలా ఇళ్లలో ఫోను కొడుకు జేబులోనో, భర్త చేతిలోనో ఉంటుంది. ఆశా కార్యకర్త గానీ వైద్యుడు గానీ ఫోను చేస్తే రోగి అయిన స్త్రీ బదులు ఆమె ఇంటివారు మాట్లాడతారు. వారికి ఆమె మందుల పేర్లు తెలిసి ఉండవచ్చు. రాత్రి ఎన్నిసార్లు లేచిందో, ఎక్కడ దురద పెడుతుందో, వంట ముగించి తాను ఎప్పుడు తిన్నదో తెలియదు. సిగ్గుతో దాచుకున్నవి ఆమెకే తెలుసు. కనుక ఫోను ఆమె చేతికివ్వండి. కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. తెలుగు కన్నా ఉర్దూలో తేలికగా చెప్పుకోగలిగితే అలాగే చెప్పనివ్వండి.

రమజాన్ మాసం దగ్గర ఈ ఫోను విలువ మరింత పెరుగుతుంది. 2001లో 13 దేశాలలో 12,243 మంది ముస్లిం మధుమేహ రోగులను పరిశీలించగా, ఆసుపత్రిలో చేరవలసినంతగా చక్కెర పడిపోయిన సంఘటనలు రమజాన్‌లో రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో ఏడున్నర రెట్లు పెరిగినట్లు తేలింది. ఈ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొని సెనెగల్ ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 2014లో ఉపవాసకులైన మధుమేహ రోగులకు రమజాన్‌కు సంబంధించిన సూచనలను సెల్‌ఫోను సందేశాల ద్వారా పంపింది. మనం అటువంటి పథకం వచ్చేదాకా వేచి ఉండనవసరం లేదు. రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే, అంటే రజబ్, షాబాన్ నెలలలోనే, మన వైద్యునితో మాట్లాడాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి చక్కెరను ప్రమాదకరంగా తగ్గించగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం తక్కువ. ఏ మోతాదు ఇఫ్తార్‌కు, ఏది సహరీకి మార్చాలో వైద్యుడే నిర్ణయించాలి.

ఉపవాసంలో వేలి కొస గుచ్చి రక్తం పరీక్షించుకోవడం వల్ల ఉపవాసం భంగం కాదని ధర్మవేత్తలు చెప్పి ఉన్నారు. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలన్నది వైద్యుల మాట. బఖరా సూరాలో ఉపవాసాల ఆదేశమున్న చోటే రోగికి మినహాయింపు కూడా ఉంది. ఆ మినహాయింపును వాడుకున్న తల్లిదండ్రులను ఇంటిల్లిపాదీ చిన్నచూపు చూడకుండా ఉంటే, వారు వ్యాధిని దాచిపెట్టి ఉపవాసముండే అవసరం రాదు.

ఫోనుకు హద్దులూ ఉన్నాయి. స్పృహ తప్పినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా సలహాల కోసం వెతకక 108కి ఫోను చేయాలి. స్పృహలో ఉన్న మనిషికి చక్కెర పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించాలి. ఏడాదికొకసారి కళ్లు, మూత్రపిండాల పరీక్షలు స్వయంగా వెళ్లి చేయించుకోవలసినవే. పొరుగు మండలం ఏ.కొండూరు తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తెలిసిన ఈ ప్రాంతంవారు దీనిని వాయిదా వేయరాదు. షుగరును శాశ్వతంగా పోగొట్టే మందు అమ్ముతామంటూ వచ్చే ఫోనులకు డబ్బు గానీ ఓటీపీ గానీ ఇవ్వకండి.

దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. తల్లిదండ్రుల సేవ చేయాలని కోరుకునే దూరదేశపు బిడ్డలకు ఆ సేవలో కొంత భాగం ఫోనులోనే దొరుకుతుంది. రాబోయే శుక్రవారం ఇంటికి ఫోను చేసినప్పుడు, సలాం తరువాత, మాత్రల డబ్బా తెచ్చి లెక్కపెట్టమనండి.