మెట్ల లెక్క

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగినప్పుడు మా పిన్ని అక్కడ ఒక మేడ మీద చిక్కుకుపోయింది. నేను హైదరాబాదులో టీవీ ముందు కూర్చొని రెండు ఛానెళ్ళను మార్చి మార్చి చూస్తున్నాను. ఒకదానిలో పడవలు, ఆహారపు పొట్లాలు దించే డ్రోన్లు, నీళ్ళలో దిగి నడుస్తున్న నాయకులు. రెండవదానిలో పాలకోసం ఏడుస్తున్న పసిపిల్లలు, శాపనార్థాలు పెడుతున్న ఆడవాళ్ళు. ఈ ముప్పు గత ప్రభుత్వం గట్లను గాలికొదిలేయటం వల్ల వచ్చిందని ఒకరు, ఇప్పటి ప్రభుత్వం చేతులారా తెచ్చిపెట్టిందని మరొకరు. రెండు గంటలు చూసినా నాకు కావలసిన ఒక్క సంగతీ తెలియలేదు. నీళ్ళు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?

చివరికి ఎలాగో ఫోను కలిసింది. ఛార్జింగు అయిపోవస్తోందని పిన్ని రెండు ముక్కలే చెప్పింది. "మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానురా. నిన్న సాయంత్రం తొమ్మిది మునిగాయి. ఇప్పుడు ఏడు."

ఆ రోజంతటిలో నేను విన్న వార్త అదొక్కటే. మిగిలినదంతా వాదన.

మన పత్రికలు పక్షపాతంతో చెడిపోయాయని అందరమూ అంటూ ఉంటాం. నాకు ఆ మాట పూర్తిగా సరైనదిగా తోచదు. పక్షం వహించటం తెలుగు పత్రికలకు కొత్త కాదు, దోషమూ కాదు. 1902లో బందరులో మొదలైన కృష్ణా పత్రికకూ, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికకూ ఒక పక్షం ఉంది. అది జాతీయోద్యమ పక్షం. 1952లో వచ్చిన విశాలాంధ్ర తాను కమ్యూనిస్టు పత్రికనని ఏనాడూ దాచుకోలేదు. హైదరాబాదులో ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రికను నడిపిన షోయబుల్లాఖాన్, సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలే పోగొట్టుకున్నాడు. అంతకన్నా స్పష్టమైన పక్షం ఇంకేముంటుంది? అయితే ఆ పక్షాలు వాళ్ళకు జైళ్ళనూ, జరిమానాలనూ, చావునూ తెచ్చిపెట్టాయి గాని ప్రకటనల్నీ, భూముల్నీ, పదవుల్నీ తెచ్చిపెట్టలేదు.

నా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో ఒక పొడవాటి బల్ల ఉండేది. దానికి ఒక చివర కాంగ్రెసువాడైన మా తాతయ్య, మరో చివర కమ్యూనిస్టు అయిన లెక్కల మాస్టారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ప్రభుత్వం ముందుగా జనాన్ని హెచ్చరించిందా లేదా అన్నదానిమీద ఇద్దరూ నెలరోజులు కీచులాడుకున్నారు. కానీ ఉప్పెన ఎంత లోపలికి వచ్చింది, ఏయే ఊళ్ళు కొట్టుకుపోయాయి అన్నవాటి గురించి వాళ్ళకు ఎన్నడూ పేచీ రాలేదు. పత్రికలు చేతులు మారేవి, అభిప్రాయాలు మారేవి కావు. అయినా ఇద్దరి కాళ్ళకిందా ఒకే నేల ఉండేది.

ఆ నేల ఎప్పుడు చీలిందో తేదీ వేసి చెప్పలేను. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు ఈనాడు దానికి బాహాటంగానే అండగా నిలిచింది. అదే పత్రిక 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళ సారా వ్యతిరేకోద్యమాన్ని రాష్ట్రమంతటికీ చేర్చింది కూడా. వై.యస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా "ఆ రెండు పత్రికలు" అంటూ సభల్లో విమర్శించటం, 2008లో సాక్షి రావటం, 2011లో నమస్తే తెలంగాణ రావటం, ఈ మధ్యకాలంలో ఛానెళ్ళు ఒకదాని వెంట ఒకటి పుట్టటం అందరికీ గుర్తుండే ఉంటుంది. నాలాంటివాళ్ళు అప్పుడు కాస్త సంతోషించారు. ఒక వైపు అబద్ధాన్ని మరో వైపు బయటపెడుతుంది, రెండు పత్రికలూ చదివితే నిజం తేలుతుంది అనుకున్నాం. కొంతకాలం రెండింటికీ చందా కట్టాను.

ఆ లెక్క తప్పింది. రెండు సగాలు కలిస్తే ఒకటి కావాలి. కానీ ఇక్కడ రెండు సగాలూ ఒకే సభ గురించి. ఒకదానిలో జనసంద్రం, రెండవదానిలో ఖాళీ కుర్చీలు. ఏ పార్టీకీ లాభం గాని నష్టం గాని కలిగించని వార్త ఉంటుందే, అది రెండింటిలోనూ ఉండదు. కౌలురైతుకు అప్పు ఎందుకు పుట్టటం లేదన్నది ప్రభుత్వం మారితే తప్ప ఒక పత్రికకు గుర్తురాదు, మళ్ళీ మారితే అదే పత్రిక దాన్ని మరచిపోతుంది. మండలంలో వార్తలు పోగుచెయ్యవలసిన విలేకరికి చాలాచోట్ల సరైన జీతం ఉండదు, పైగా ప్రకటనలు తెచ్చిపెట్టే బాధ్యత ఒకటి. అతనెవరి దగ్గర ప్రకటన అడగాలో వాళ్ళమీదే వార్త రాయాలి. పత్రిక వెల దాని ముద్రణ ఖర్చుకే చాలదు. మిగతాది ఇచ్చేవాడే అసలు పాఠకుడు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవటానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. అది సాక్షి కోసమేనంటూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. చదివేవాడి ఇష్టంతో నిమిత్తం లేకుండా పత్రిక అమ్ముడుపోగల రోజు అది.

ఇక మన సంగతి. ఇది చెప్పకుండా యాజమాన్యాలను మాత్రమే తిట్టి ఊరుకుంటే నేనూ ఆ ఛానెళ్ళ బాపతే అవుతాను.

2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్దిరోజులకే, అక్కడ టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు నిలిపివేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 ప్రసారాలు ఆగిపోయాయి. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారాక అక్కడే సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ ఆగిపోయాయి. మూడుసార్లూ పత్రికాస్వేచ్ఛ కోసం గొంతెత్తినవాళ్ళున్నారు. ఒక సారి ఎత్తిన గొంతు ఇంకోసారి వినపడలేదు, అంతే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నారు పెద్దలు.

నేను ఎటువైపు మొగ్గుతానో చెప్పను, అది ఇక్కడ అనవసరం. కానీ ఆ మూడింటిలో ఒకసారి, నాకు గిట్టని ఛానెలు ఆగిపోయినప్పుడు, "పీడ విరగడైంది" అని ఇంట్లో పైకే అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. మా అబ్బాయి నావైపు అదోలా చూశాడు. వాడేమీ అనలేదు. అంటే బాగుండేది.

నిష్పక్షపాతమైన పత్రిక కావాలని నేనిప్పుడు కోరటం లేదు. అది కొండమీది కోతిని తెమ్మనటమే. వార్తకూ వ్యాఖ్యకూ మధ్య ఒక వరస ఉండాలి, అంతే. ముందు ఎన్ని మెట్లు మునిగాయో చెప్పండి. తరువాత అది ఎవరి పాపమో మీ ఇష్టం వచ్చినట్టు, మీ పక్షాన నిలబడి, గొంతు చించుకొని చెప్పండి, వింటాను. నావంతుగా, నాకు గిట్టనివాడి నోరు నొక్కినప్పుడు కూడా అది తప్పని అనగలగాలి. మొదటిదానికన్నా ఈ రెండవదే కష్టమని నాకు అనుభవమైంది.

పిన్ని ఇంటి మెట్లపక్క గోడమీద ఆ నీటి చార ఇంకా ఉంది. ఆ వరద ఎవరివల్ల వచ్చిందన్నదానిమీద ఆవిడకూ పక్కింటావిడకూ ఇప్పటికీ పొసగదు. మొన్న వెళ్ళినప్పుడు కూడా వాదించుకుంటున్నారు. చార ఎక్కడివరకూ ఉందన్నదానిమీద మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.