రాత్రి బండి మనకెందుకు కావాలి?

ఐరోపాలో ఒకప్పుడు రాత్రి పడుకుంటే తెల్లారేసరికి వేరే దేశంలో దింపే రైళ్లు చాలా ఉండేవి. చౌక విమానాలు, హైస్పీడ్ రైళ్లు వచ్చాక అవి తగ్గిపోయాయి. 2016 డిసెంబరులో జర్మనీ రైల్వే తన స్లీపర్ బండ్లను ఆపేసింది. వాటిలో కొన్నిటిని ఆస్ట్రియా రైల్వే తీసుకుని ‘నైట్‌జెట్’ పేరుతో నడుపుతోంది. 2023 మేలో బ్రస్సెల్స్ నుంచి బెర్లిన్‌కు మరో రాత్రి బండి మొదలైంది. విమానం కంటే రైలు వల్ల కాలుష్యం చాలా తక్కువ కావడం ఇందుకొక కారణం.

మునిర్కాలో ఉండే మనకు ఇలాంటి బండి కొత్తేమీ కాదు. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌గా మొదలై, 2014లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా పేరు మారిన బండి న్యూఢిల్లీలో సాయంత్రం ఎక్కితే మర్నాడు హైదరాబాద్ చేరుస్తుంది. హిందీ వింటూ నిద్రపోతాం. పొద్దున బల్లార్షా దాటాక తెలుగు వినిపిస్తుంది.

“విమానంలో రెండు గంటల పైచిలుకే కదా” అంటారు కొందరు. నిజమే. కానీ వేసవి సెలవుల్లో నలుగురికి విమానం టికెట్లంటే మాటలు కాదు. చాలా విమానాల్లో సామాను పదిహేను కిలోలు దాటితే అదనంగా కట్టాలి. నాన్నకు బదిలీ అయినప్పుడల్లా బడి, స్నేహితులు మారిపోయే మనకు మారనిది అమ్మమ్మగారి ఊరొక్కటే. అక్కడికి వెళ్లే దారి అందరికీ అందుబాటులో ఉండాలి.

అందుకే ఏసీ పెట్టెలు పెంచినా, మామూలు స్లీపర్ పెట్టెలు తగ్గించకూడదని నా అభిప్రాయం. పోగొట్టుకున్నాక మళ్లీ తెచ్చుకోవడం ఎంత కష్టమో ఐరోపా చూపించింది. ఉన్నప్పుడే కాపాడుకుందాం.