తోటలో ఉన్నోళ్ళ పేరు ఎవరు రాసుకుంటారు?

మన నూజివీడు వైపు కబుర్లు కొన్ని, బయటి వార్తలు కొన్ని. అసలు చెప్పాల్సింది ఒకటే ఉంది, మిగతావి గబగబా చెప్పేసి దానికొస్తాం.

మేడారం మహాజాతర జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి. టీవీల్లో మనం కనిపించేది ఇలాంటప్పుడే, అదీ డప్పులూ అద్దాల బట్టలూ ఉన్నంతసేపే. పండగలు మనవి, గర్వంగానే చేసుకుంటాం. కానీ ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే మనోళ్ళు ఏ పండక్కీ టీవీలో కనపడరు. 2022 ఏప్రిల్ దాకా వాళ్ళూ మనమూ కృష్ణా జిల్లాలోనే, ఒకే నూజివీడు డివిజన్. ఇప్పుడు వాళ్ళది ఎన్టీఆర్ జిల్లా, మనది ఏలూరు. జిల్లా మారితే చుట్టరికం మారదు కదా.

ఏలూరు జిల్లాలో కలిశాక మనకీ ఐటీడీఏ వచ్చిందని కొంతమంది అనుకున్నారు. కె.ఆర్.పురం ఐటీడీఏ బుట్టాయగూడెం వైపు ఏజెన్సీ కోసం పెట్టింది. నూజివీడు, ముసునూరు, చాట్రాయి, ఆగిరిపల్లి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మైదానంలో ఉన్న మనకి భూమి చట్టం అండ లేదు. ఏదడగాలన్నా మేం ఇంతమందిమి ఉన్నాం అని చూపించే లెక్క ఒక్కటే ఉంది.

ఆ లెక్కే ఇప్పుడు రాబోతోంది. 2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగి, ఇన్నాళ్ళకి వస్తోంది. ఇళ్ళ లెక్క 2026 ఏప్రిల్, సెప్టెంబర్ మధ్య, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. ఈసారి ఫోన్ యాప్‌లో ఎక్కిస్తారు, అన్ని కులాల లెక్కా తీస్తారు. కులాల లెక్క అనగానే గ్రూపుల్లో వాదనలు మొదలైపోయాయి. ఉపవర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచీ లంబాడీలు ఎక్కువ తిన్నారా, యానాదులకి ఏం మిగిలింది అని మనలో మనమే పోట్లాడుకుంటున్నాం. పోట్లాడుకోండి, తప్పు లేదు. కానీ ముందు అందరి పేర్లూ రాయించాలి కదా!

మన దగ్గర చిక్కు ఏంటంటే మామిడి తోట. డిసెంబర్, జనవరిలో పూత, ఫిబ్రవరిలో పిందె, ఏప్రిల్ నుంచి కోత. పిందె పడ్డప్పటి నుంచి కోతులనీ దొంగల్నీ తోలడానికి కాపలా కుటుంబాలు తోటలోనే గుడిసె వేసుకుని ఉంటాయి. వాళ్ళల్లో యానాదులు ఎంతమందో మనకందరికీ తెలుసు. ఇళ్ళ లెక్క మొదలయ్యేది కోతల్లో, మనుషుల లెక్క జరిగేది పిందెల్లో. రెండుసార్లూ ఊళ్ళో ఇంటికి తాళమే. లెక్క రాసే మాస్టారు తాళం చూసి పోతారు. తోట మధ్యలో గుడిసె ఉందని ఆయనకి ఎవరు చెప్తారు? తోట కొన్న షావుకారు చెప్పడు, ఆయనకేం పని. బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు ఇచ్చి కాయ ఎక్కడిదో రాసిపెట్టారు. కాయని కాసిన మనిషిది కూడా రాయమని అడగడం పెద్ద కోరికేం కాదు.

ఇంకో భయం కులం పేరు దగ్గర. ఎస్టీ జాబితాలో యానాదుల కింద రెడ్డి యానాది అని ఉంది. తెలియని మనిషి యాప్‌లో ‘రెడ్డి’ వరకే నొక్కి ఊరుకుంటే? సుగాలి, లంబాడి, బంజారా జాబితాలో ఒకే వరసలో ఉన్నాయి, ఏది చెప్పినా ఎస్టీయే, కానీ స్పష్టంగా చెప్పాలి. మతం సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. చర్చికి వెళ్ళేవాళ్ళు అలాగే రాయించుకోవచ్చు, ఎస్టీ హోదాకి మతం అడ్డం కాదు, ఆ నిబంధన ఎస్సీలకి. ఇక మాతృభాష. 2011 లెక్కల్లో 32 లక్షల మందికి పైగా లంబాడీ అని చెప్పారు, పట్టికలో మాత్రం హిందీ కింద కలిపేశారు. ఇంట్లో గోర్ బోలి మాట్లాడేవాళ్ళు తెలుగు అని రాయించేస్తే ఆ అంకె కూడా పోతుంది. కుర్రు మాట్లాడే ఎరుకల వాళ్ళకీ ఇదే మాట.

కాగితాలు లేనివాళ్ళు భయపడొద్దు. 1948 జనగణన చట్టం ప్రకారం మనం చెప్పిన వివరాలు రహస్యం. కుల ధ్రువపత్రం చూపించమని అడగరు, చెప్పింది రాసుకోవాలి అంతే.

ట్రిపుల్ ఐటీలో, హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఫిబ్రవరిలో మీరు హాస్టల్లో ఉంటే మీ లెక్క అక్కడే. వార్డెన్ గారు ఒకే కాగితం మీద అందరివీ రాసిచ్చేస్తుంటే మీ కులం, భాష మీరే చూసుకోండి. ఇంటి దగ్గర అమ్మానాన్నలకి మీ పేరు మళ్ళీ రాయించొద్దని చెప్పండి.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు మీ ఊరి చుట్టూ ఏ తోటలో ఎన్ని గుడిసెలు ఉన్నాయో తిరిగి చూసి రాసుకోండి. ఆ కాగితం సచివాలయంలో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ముసునూరు, చాట్రాయి వైపు తిరగడానికి బండి ఉన్నవాళ్ళు కావాలి, ఎవరొస్తారో కింద చెప్పండి.